చిత్రప్రదర్శనమును గూర్చి కొన్ని మాటలు

గత సంవత్సరము మన పాఠశాలలో తలిదండ్రుల సమావేశము జరిగినప్పుడు ఒక పెద్దమనిషి లేచి నన్నొక ప్రశ్న వేసిరి. "మాస్టారండీ, ముప్ఫైమంది పిల్లల్ని రైలెక్కించి రాజమండ్రి తీసికెళ్లి బొమ్మలు చూపించారట గదా. ఆ బొమ్మలు ఫోన్లో కనపడతాయి గదండీ! ఒక రోజు చదువు పోయె, టిక్కెట్ల డబ్బులు పోయె" అని వారి మాట. వారు కోపముతో అడుగలేదు, తెలిసికొనగోరియే అడిగిరి. ఇంతలో గంట మ్రోగుటచే నేను రెండు ముక్కలు చెప్పి కూర్చుంటిని. ఈ సంచికకు ఏదైన వ్రాయుడని సంపాదకులు కోరగా, ఆ పెద్దమనిషికి బాకీపడిన జవాబును ఇచ్చట చెల్లింపదలచితిని.

మన పట్టణములందు చిత్రప్రదర్శనమనునది సాధారణముగా రెండు మూడు దినముల ముచ్చట. ఏ పాఠశాల హాలునో, ఏ కల్యాణమండపమునో అడిగి పుచ్చుకొని, గోడపొడుగున త్రాడు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలను వ్రేలాడదీయుదురు. ముఖ్య అతిథి వచ్చి రిబ్బను కత్తిరించును. పిమ్మట కళ యొక్క ప్రాశస్త్యమును గూర్చి గంటసేపు ఉపన్యాసములు. అందఱును బొమ్మలకు వీపు చూపి వరుసగా నిలువబడి ఫోటో తీయించుకొందురు. చిత్రకారుడు మాత్రము ఒక మూలను నిలిచి, ఎవరైన ఒక్కరు తన పటము ముందు ఆగుదురా యని చూచుచుండును. ఏలూరిలోను తాడేపల్లిగూడెములోను ఇట్టి ప్రదర్శనములకు నేను పోయి అట్లు నిలిచినవారిని చూచితిని. వారిలో పలువురు పగలు దుకాణముల పేరుబల్లలు వ్రాసికొనువారు, లేదా బడులలో డ్రాయింగు చెప్పువారు. ఫ్లెక్సీ ముద్రణము వచ్చిన పిమ్మట బల్లలు వ్రాయు పనియు చాలవఱకు పోయినది. ఐనను వారు రాత్రులు మేల్కొని చిత్రములు వ్రాయుచునే యున్నారు.

మనవారికి కళాభిరుచి లేదని కొందఱందురు. నేను దీనికి ఒప్పుకొనను. మన ఏలూరు తివాసీలకు పేరుపడిన ఊరు. తివాసీ కొనవచ్చిన తెలిసిన మనుష్యుడు ముందుగా పైరంగులకు మురిసిపోడు. దానిని తిరుగవేసి వెనుకవైపున ముడులను లెక్కించును, ముడి ఎంత దగ్గఱగా పడినదో వ్రేలితో తడవి చూచును. ఆ చూపే అసలైన చూపు. కన్నును వ్రేలును కలిసి పనిచేయు ఆ చూపు చిత్రపటము ముందు నిలిచినప్పుడు ఏమైపోవుచున్నదో యనియే నా చింత. బొమ్మ అనగానే "ఎవరిది? ఎంత? అచ్చు ఫోటోలాగున్నదా?" అను మూడు ప్రశ్నలతో మన పని ముగియుచున్నది.

రాజమహేంద్రవరమునే ఏల ఎన్నుకొంటిమనగా, అచ్చటి దామెర్ల రామారావు చిత్రశాల మనకు రైలులో రెండు మూడు గంటల దూరముననే కలదు. ఆ చిత్రకారుని కథను విద్యార్థులు తెలిసికొనవలసియున్నది. ఆయన 1897లో రాజమహేంద్రవరముననే జన్మించెను. అప్పటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డు కూల్డ్రే అను ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా నుండెను. స్వయముగా చిత్రకారుడైన ఆ దొర, కుఱ్ఱవాండ్రను వెంటబెట్టుకొని ఊరి వెలుపలికి పోయి బొమ్మలు గీయించువాడు. లెక్కలలో పాఠ్యములలో ఎట్లున్నను రామారావు చేతిలో ఏమున్నదో ఆయన కనిపెట్టెను. ఆ ప్రోత్సాహముచేతనే రామారావు 1916లో బొంబాయి జె. జె. కళాశాలకు పోయి చిత్రలేఖనము నేర్చెను. తిరిగివచ్చి స్వస్థలముననే శిష్యులను చేరదీసి పాఠశాల నెలకొల్పెను. పాశ్చాత్యుల శిక్షణమును, మన కథలను, మన స్త్రీల నడకను, మన నదిని ఒక్కచోట కూర్చెను. 1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి మరణించెను. అప్పటికి ఆయనకు ఇరువదియెనిమిది యేండ్లు నిండలేదు. భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు చిత్రములు వ్రాసినవారే. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ పాఠశాలను నిలువబెట్టి పటములను కాపాడెను. ఇరువదియేడేండ్ల యువకుని పని నూఱేండ్ల తరువాత గూడ గోడమీద నుండుట ఒకరిద్దఱి పట్టుదల వలననే జరిగినది. ఈ సంగతి నేను పిల్లలకు రైలులోనే చెప్పితిని. వారు సగము విని సగము కొవ్వూరు వంతెనకొఱకు కిటికీలలోనుండి మెడలు చాచిరి. అందు తప్పేమియు లేదు. గోదావరిని చూడనివారు గోదావరి చిత్రమును మాత్రమేమి చూడగలరు?

ఈ ప్రయాణమునకు ముందొక చిక్కు కలిగెను. దానిని దాచుట మర్యాద కాదు. రామారావు వ్రాసిన వానిలో నగ్నచిత్రములు గూడ కలవు. బొంబాయిలో ఆయన చదివిన కాలముననే గ్లాడ్‌స్టన్ సోలొమన్ అను అధికారి ఆ కళాశాలలో మనుష్యదేహమును ఎదుట నిలిపి గీయు తరగతిని ప్రవేశపెట్టెను. కండ యెక్కడ నున్నదో, ఎముక యెక్కడ తిరిగినదో ఎఱుగక పైన చీర కట్టినచో ఆ చీర కొయ్యకు చుట్టినట్లుండునని ఆ శిక్షణపు తాత్పర్యము. ఇది పెద్దలకు తెలియును. పదునాలుగేండ్ల పిల్లలకు, వారి తల్లులకు ఎట్లు చెప్పవలెను? నేను ముందొక శనివారము ఒంటరిగా పోయి అన్నిటిని చూచి వచ్చితిని. పిమ్మట ప్రతి తండ్రికిని ఉత్తరము వ్రాసితిని. అందులో ఏమి కలదో, ఏల కలదో ఏదియు మఱుగుపఱుపలేదు. ముగ్గురు వలదనిరి. వారి పిల్లలను రమ్మని నేను బలవంతపెట్టలేదు. ఇద్దఱు తల్లులు తామును వచ్చెదమనిరి. సంఘపెద్ద ఒకరు, రూపములు చేయుటయే ఆజ్ఞకు విరుద్ధము గదా యని నన్నడిగిరి. పూజకొఱకు చేయుటకును చూచుటకొఱకు చేయుటకును భేదము కలదనియు, గుడారపు పనికై బెసలేలు అను పనివాడు పేరుపెట్టి పిలువబడిన కథ నిర్గమకాండములోనే యున్నదనియు చెప్పితిని. ఆయన నవ్వి, "సరేలెండి, జాగ్రత్త" అనిరి. చిత్రశాలలో జరిగినదేమనగా, మగపిల్లలు ఒక నిమిషము మోచేతులతో ఒకరినొకరు పొడుచుకొనిరి. మా వెంట వచ్చిన తల్లులలో ఒకామె, "ఆ అమ్మాయి చెయ్యి చూడండ్రా, నిద్రలేచినట్టు ఎంత బరువుగా ఉందో" అనెను. అంతటితో మోచేతులు ఆగినవి. అందఱును ఆ చేతిని చూచిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేను చదివిన పాఠ్యబోధన పద్ధతులలో ఇంతకంటె మంచి పద్ధతి నాకు జ్ఞాపకము రాలేదు.

ఇక ఫోను మాట. మా తరగతిలో కొల్లేటి లంకనుండి వచ్చు బాలిక యొకతె కలదు. పేరు చెప్పను. పిల్ల మాటలాడుట తక్కువ. గోదావరిని చూపు చిన్న నీటిరంగు చిత్రము ముందు ఆమె నిలువబడి ఎంతకును కదలకుండెను. మిగిలినవారు ముందుకు పోయిరి. నేను వెనుకకు వచ్చి, ఏమి చూచుచున్నావని అడిగితిని. "సార్, నీళ్లకి రంగు వెయ్యలేదు. కాగితం అలా వదిలేశారు" అనెను. నేను వంగి చూచితిని. నిజమే. నీటిమీద వెలుతురు తగులుచోట కుంచె తాకనేలేదు. అడ్డముగా పోయిన పలుచని రంగు గీత యొకటి అటును, ఒకటి ఇటును ఉండగా, నడుమనున్న వట్టి కాగితమే వెలుగుచున్న నీరైనది. తైలవర్ణములలో తెలుపును పైన పెట్టవచ్చును. నీటిరంగులో అట్లు కాదు. వెలుతురు ఎక్కడ కావలెనో ముందుగానే తలచి అచ్చట చేతిని ఆపుకొనవలెను. ఒకసారి రంగు పడినచో మరల రాదు. ఆ బాలిక పుట్టినది మొదలు నీళ్లను చూచుచున్నది గనుక దానిని కనిపెట్టెను. నేను అంతకుముందు శనివారము అదే పటమును చూచి "బాగున్నది" అనుకొని దాటిపోయినవాడను.

ఇది ఫోనులో కనబడదు. ఫోనులో కాగితము వెలుగదు, ఫోనే వెలుగును. అరచేతి వెడల్పు పటమును, గోడయంత పటమును ఫోను ఒక్క కొలతకు తెచ్చును. పెన్సిలు గీతను చిత్రకారుడు చెఱిపి ప్రక్కన మరల గీచిన జాడ, రంగు ఎండకముందే తగిలిన కుంచె వెండ్రుక, కాగితపు గరుకు ఇవన్నియు దానిలో అడుగంటిపోవును. టిక్కెట్టు వెల ఆ జాడలకొఱకే.

రామారావు కాలముతోనే చిత్రకళ ముగిసిపోయినదని పిల్లలు అనుకొనకుండవలెనని, తిరిగి వచ్చిన పిమ్మట రెండు వారములు నేను మన ప్రాంతపువారిని గూర్చియే చెప్పితిని. కూల్డ్రే శిష్యులలోనే అడివి బాపిరాజు ఒకరు. భీమవరము ప్రాంతమువారు, 1895లో పుట్టినవారు. వారిని నవలాకారులుగా అందఱెఱుగుదురు గాని, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ వద్ద చిత్రలేఖనము నేర్చిన సంగతి కొందఱే ఎఱుగుదురు. నరసాపురమున 1933లో పుట్టిన బాపు గీత తెలుగు ఇండ్లలో క్యాలెండరువలె పరిచితము. గుడివాడలో 1936లో పుట్టిన ఎస్. వి. రామారావు మద్రాసులో చదివి, 1960లలో లండనుకు పోయి, పిమ్మట అమెరికాలో స్థిరపడి, మనుష్యుడు గాని చెట్టు గాని లేక రంగులే రంగులుగా నుండు చిత్రములు వ్రాసి పేరుపొందెను. కొల్లేటికి ఆ యొడ్డున పుట్టినవాడు ఇట్లేల వ్రాసెనని పిల్లలు అడిగిరి. ఇట్టి చిత్రముల అచ్చులు చూపగా ఒక బాలుడు, "ఇది మా చెల్లికూడా వేస్తుంది సార్" అనెను. వేయుమంటిని. మఱునాడు చెల్లెలిచేత వేయించి తెచ్చెను. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టితిమి. చెల్లెలి బొమ్మలో రంగులన్నియు ఒక్క గొంతుతో కేకలు వేయుచున్నవి. ఇందులో ఒకటి పలుకుచుండగా మఱియొకటి వినుచున్నట్లున్నదని ఒక బాలిక చెప్పెను. బాలుడు ఒప్పుకొనలేదు. నేనును ఒప్పించుటకు ప్రయత్నింపలేదు. నేటి చిత్రములన్నియు నాకు బోధపడునని నేను చెప్పినచో అది అబద్ధమగును. కొన్నిటి ముందు నేను గూడ ఆ బాలుని పక్షముననే యుందును.

శిల్పముల మాట వేఱు. వానికి మన ప్రాంతమున హాలు అక్కఱలేదు; ప్రతి కూడలియు ప్రదర్శనశాలయే. ఏలూరు నడుమ చెరువులో 74 అడుగుల బుద్ధవిగ్రహము నిలిచియున్నది. ఊరూరను నాయకుల విగ్రహములు కలవు. వీనిలో పలుమార్లు మనము చూచునది శిల్పమును గాదు, దండనే. విగ్రహము ఎట్లు తయారగునో పిల్లలకు తెలియదు. ముందు ఇనుపచువ్వల కట్టునకు బంకమట్టి మెత్తి రూపు తీర్తురు. దానిపై ప్లాస్టరు పోసి అచ్చు తీయుదురు. అందులో సిమెంటు గాని, ఫైబరు గాని పోయుదురు. ఒక్కసారి తీసిన అచ్చునుండి ఎన్నియైనను వచ్చును గనుక, ఒకే ముఖము ఇరువది గ్రామములలో కనబడును. మా విద్యార్థులు ఒక ఆదివారము తమ తమ ఊళ్ల విగ్రహముల చేతులను మాత్రమే గీసికొని రమ్మనగా గీచి తెచ్చిరి. పదునొకండు చేతులలో ఎనిమిది అన్నదమ్ములవలె నున్నవి. ఒకటి మాత్రము వేఱు. దాని వ్రేళ్లు కొంచెము వంగి, గోళ్లు అరిగి, ఎవరో నిజమైన ముసలివాని చేతిని చూచి చేసినట్లుండెను. ఆ శిల్పి పేరు దిమ్మమీద లేదు. దిమ్మమీద ఆవిష్కర్తల పేర్లు పదునాలుగు కలవు.

మద్రాసు సముద్రతీరమున దేవీప్రసాద్ రాయ్ చౌదరి చేసిన శ్రమవిజయ శిల్పమును ఒకప్పుడు నేను చూచితిని. 1959లో దానిని అచ్చట నిలిపిరి. నలుగురు కూలీలు ఒక బండరాతిని పెకలించుచుందురు. వారి వీపులు చూచినప్పుడు, చేపల చెరువు గట్టుమీద వల లాగు మనవారి వీపులు నాకు తోచినవి. అంత దూరము పోలేనివారికి కామవరపుకోట దాపున గుంటుపల్లి కలదు. రెండువేల యేండ్లనాడు బౌద్ధులు కొండను తొలిచిన గుండ్రని చైత్యమును లోపలికి పోయి తలయెత్తి చూడుడు. రాతి కప్పునకు వాసములు చెక్కియున్నవి. రాతికి వాసములతో ఏమి పని? పూర్వము కట్టిన చుట్టిల్లును చూచి, ఆ కొయ్యపనిని శిల్పి రాతిలో వ్రాసికొనెను. మన సముద్రపుటొడ్డు పల్లెలలో గుండ్రని తాటియాకు ఇండ్లను చూచిన పిల్లలు దానిని వెంటనే గుర్తించిరి.

ఇదంతయు జరిగిన పిమ్మట మన పాఠశాల వసారాలోనే ఒక ప్రదర్శనము పెట్టుటకు నిశ్చయించితిమి. షరతు లొక్కటే: క్యాలెండరునుండి గాని ఫోనునుండి గాని దింపకూడదు, కన్నులతో చూచినదే గీయవలెను. ముప్పదినాలుగు పటములు వచ్చినవి. తాటిదోనెలు, గూడబాతులు, తాడేపల్లిగూడెము స్టేషనులో ఉల్లిపాయల మూటలు, అమ్మ కుట్టుమిషను. ఆ లంక బాలిక తెచ్చిన పటములో తామరలు లేవు. తెగిన చెరువుగట్టు, దానిమీద యంత్రము, ఆ యంత్రము దాపున కదలక నిలిచిన ఒక గూడబాతు. వలకు బదులు నీళ్లలో వట్టి కాగితము.

కొల్లేటివారికి ఈ బొమ్మ యేమో చెప్పనక్కఱలేదు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ జాబితాకు ఎక్కినది. 2006లో న్యాయస్థానపు ఆజ్ఞను అనుసరించి ఐదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. కొల్లేరు బ్రదుకవలెనని ఒకరు, మేమును బ్రదుకవలెను గదా యని ఒకరు నేటికిని వాదులాడుచునే యున్నారు. ఆ బాలిక అప్పటికి పుట్టలేదు. ఇంట విన్నదానిని, ఊరిచివర నేటికి మిగిలియున్న మొండిగట్టును కలిపి గీచెను. మా ఉపాధ్యాయులలో ఒకరు, ఇది తగవు తెచ్చును, తీసివేయుడనిరి. తామరల బొమ్మ వేయించుడనిరి. వారి భయము అకారణము కాదు. రెండు పక్షములవారి పిల్లలును మన బడిలో కలరు. నేను ప్రధానోపాధ్యాయులతో చెప్పి దానిని ఉంచితిని. బొమ్మ క్రింద ఏ మాటయు వ్రాయవలదని మాత్రము ఆమెతో చెప్పితిని. చూచినదే గీయవలెనని షరతు పెట్టినవారమే, చూచినది గీయగా త్రోసివేసినచో ఆ పిల్ల మరల ఎన్నడైన నిజము గీయునా?

తగవు రాలేదు. ఒకరిద్దఱు ముఖము చిట్లించుకొని పోయిరి. ఆ బాలిక నాయనమ్మ వచ్చి, పటమునకు జానెడు దూరమున ముఖము పెట్టి, గట్టుమీద వ్రేలు ఆనించి, "ఇక్కడ మా కొబ్బరిచెట్టు ఉండేది, వెయ్యలేదే?" అని మనుమరాలిని గద్దించెను. తండ్రి దూరముగా నిలిచియుండెను. జనము పలుచబడిన పిమ్మట నాయొద్దకు వచ్చి, "మాస్టారండీ, పిల్ల ఇదే చదువుతానంటోంది. బొమ్మలు కూడు పెడతాయా అండీ? నిజం చెప్పండి" అని అడిగెను.

నిజమే చెప్పితిని. పెట్టునని హామీ ఇయ్యలేనంటిని. మన ప్రాంతమున పటములు కొనువారు తక్కువ. ఐనను దారులు కలవు. ప్రభుత్వ పరీక్షల శాఖవారు జరుపు డ్రాయింగు లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు పరీక్షలు కలవు. వానితో ఏ బాధయు లేదు, పదవ తరగతి చదువు చదువుగానే సాగును. పైన విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో లలితకళల శాఖ కలదు. కడపలో 2020లో వాస్తు లలితకళల విశ్వవిద్యాలయము ఏర్పడినది. అచ్చుపని, అల్లికపని, చలనచిత్రముల పని అన్నిటికిని గీయగల చేయి కావలెను. "మీరు ఇప్పుడు అవునని గాని కాదని గాని చెప్పనక్కఱలేదు, లోయరు గ్రేడు వ్రాయనిండు" అంటిని. ఆయన చాలసేపు ఊరకుండి, "చెరువులో చేప పడుద్దో లేదో కూడా ఎవరూ హామీ ఇవ్వరు లెండి. ఫీజు ఎంతండీ?" అనెను.

ఇప్పుడామె పదవ తరగతిలో నున్నది. కొబ్బరిచెట్టుతో మరల అదే బొమ్మ వేయుచున్నదట. నీటిరంగునకు తగిన మందపు కాగితము ఏలూరు దుకాణములలో ఆమె కోరిన కొలతలో దొరకలేదు. విజయవాడనుండి తెప్పించుటకు వ్రాసితిని. ఈ వారము రావలెను.